మిషన్ ముందే చెప్తుంది... మనమే వినం!

రైస్ మిల్లు పక్కన పెరిగినోళ్లకు ఒక వింత అలవాటు ఉంటుంది. ఎంత లొల్లి ఉన్నా నిద్ర పడుతుంది. లొల్లి ఆగిందా, మెలకువ వచ్చేస్తుంది.

మాది సిద్దిపేట. మా బాపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఆపరేటర్. మిల్లు వెనకాలే రెండు గదుల్లో మేం ఉండేవాళ్లం. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, యాసంగి వడ్లు వస్తున్న రోజుల్లో, ఒక రాత్రి నాకు అట్లనే మెలకువ వచ్చింది. మిల్లు ఆగింది. రబ్బరు కాలిన వాసన. బయటికి ఉరికి చూస్తే, డ్రైయర్ బ్లోవర్ దగ్గర బాపు చేతిలో టార్చ్ పట్టుకుని నిలబడ్డాడు.

బ్లోవర్ షాఫ్ట్ బేరింగు పట్టేసింది. షాఫ్ట్ తిరగదు, మోటార్ ఆగదు. మధ్యలో బెల్టులు కాలిపోయాయి. డ్రైయర్ నిండా అప్పుడే ఆవిరి పట్టిన వడ్లు. వెనకాల ట్యాంకుల్లో నానుతున్న వడ్లు. వాటికి ఆగడం తెలియదు కదా. బేరింగు హైదరాబాద్ నుంచి వచ్చి, బిగించి, మళ్లీ మిల్లు నడిచేసరికి తెల్లారి సాయంత్రం అయింది. అప్పటికే వడ్లు పులిసిన వాసన. వచ్చిన బియ్యం రంగు మారింది. ప్రభుత్వ వడ్లు మర పట్టించే మిల్లు క్వింటాల్‌కు 68 కిలోల బాయిల్డ్ బియ్యం అప్పజెప్పాలి. వడ్లు పాడైనా ఆ లెక్క తగ్గదు.

నష్టం ఎవరి మీద పడిందో మీరు ఊహించే ఉంటారు. మూడు నెలలు బాపు జీతంలో కోత పడింది.

బాపు ఇంట్లో ఒకే మాట అన్నాడు. "వారం నుంచి అదురుతాంది అని జెప్పిన. సీజన్ అయినంక చూద్దామన్నరు."

చెప్పాడు. నిజమే. కానీ ఆ మాట ఎక్కడా రాసి లేదు. మోటార్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని విన్న మాట అది. మా బాపు చెవికి తెలిసింది, సేటుకు అందలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం అదే. మెకానికల్ డిప్లొమా చేసి, ఫ్యాక్టరీలు తిరిగి మిషన్ల వైబ్రేషన్ కొలుస్తాను. చుట్టాలకు చెప్తే "మిషన్ అదిరితే కొలుసుడు కూడా ఒక నౌకరేనా?" అంటారు. అవును, నౌకరే. ఎందుకో చెప్తాను, చదవండి.

అదురు అంటే మిషన్ మాట

మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్క ఒకటి వంగితే ఫ్యాన్ ఊగుతుంది. వాషింగ్ మెషీన్‌లో బట్టలన్నీ ఒక పక్కకు చేరితే, స్పిన్‌లో అది నడుచుకుంటూ గోడ దాకా పోతుంది. బరువు మధ్యలో లేకపోతే వచ్చే తిప్పలు ఇవి. దీన్నే అన్‌బ్యాలెన్స్ అంటారు.

తిరిగే ఏ మిషన్ అయినా కొంత అదురుతుంది. అది తప్పు కాదు. తప్పేమిటంటే, నిన్నటి కన్నా ఇయ్యాల ఎక్కువ అదరడం. బేరింగు అరిగినా, షాఫ్ట్‌లు ఒక లైన్‌లో లేకపోయినా, పునాది బోల్టు వదులైనా, ఫ్యాన్ రెక్కలకు దుమ్ము అంటినా మొదట మారేది ఆ అదురే. చాలాసార్లు వేడి, శబ్దం, పొగ అన్నీ దాని తర్వాతే వస్తాయి. పొగ వచ్చిందంటే ఇక చెప్పేదేమీ మిగల్లేదని అర్థం.

మేం ఎక్కువగా కొలిచేది వైబ్రేషన్ వేగం. అంటే బేరింగు పెట్టె సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో అటూ ఇటూ కదులుతోంది అని. దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది: ఐఎస్ఓ 20816. అంతకుముందు అది 10816గా ఉండేది. 15 నుంచి 300 కిలోవాట్ల మధ్య ఉండి, గట్టి పునాది మీద బిగించిన మిషన్లకు అది చెప్పే లెక్క స్థూలంగా ఇదీ:

1.4 లోపు ఉంటే కొత్త మిషన్ లెక్క. 2.8 దాకా హాయిగా నడుపుకోవచ్చు. 2.8 దాటితే ఎక్కువ రోజులు నడపొద్దు, రిపేరుకు టైం చూసుకోవాలి. 4.5 దాటితే మిషన్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

4.5 అంటే ఎంత కదలిక అనుకుంటున్నారు? నిమిషానికి 1,200 చుట్లు తిరిగే ఫ్యాన్‌లో అది మొత్తం కలిపి మిల్లీమీటర్‌లో పదో వంతు. మీ నోట్‌బుక్‌లో ఒక కాగితం మందం. కంటికి కనపడదు. కానీ సెకనుకు 20 సార్లు, రాత్రింబగళ్లు, అదే దెబ్బ అదే ఇనుము మీద పడుతుంటే ఇనుమైనా అలిసిపోతుంది.

ఊరేగింపులో డప్పును గుర్తుపట్టినట్టు

ఎంత అదురుతోందో తెలిస్తే సరిపోదు. ఎందుకు అదురుతోందో తెలియాలి. దానికి రెండో లెక్క ఉంది.

బోనాల ఊరేగింపు వస్తుంటే దూరం నుంచి అంతా ఒకటే మోత. కానీ కాస్త చెవి పెడితే ఇది డప్పు, ఇది డీజే, ఇవి గజ్జెలు అని వేరువేరుగా పట్టుకుంటాం. ఎనలైజర్ అనే పరికరం మిషన్ మోతను అట్లా విడదీస్తుంది. ఏ వేగంతో వచ్చే దెబ్బ ఎంత బలంగా ఉందో గీతలు గీసి చూపిస్తుంది. ఆ బొమ్మనే స్పెక్ట్రమ్ అంటారు.

మా మిల్లు బ్లోవర్‌నే తీసుకోండి. మోటార్ 30 హెచ్‌పీ, నిమిషానికి 1,440 చుట్లు. అంటే సెకనుకు 24. బెల్టు ద్వారా తిరిగే ఫ్యాన్ నిమిషానికి 1,200. అంటే సెకనుకు 20. ఇప్పుడు గీత 20 దగ్గర పొడుగ్గా లేస్తే, తప్పు ఫ్యాన్ వైపు ఉంది. బహుశా రెక్కలకు దుమ్ము పట్టింది. 24 దగ్గర లేస్తే మోటార్ వైపు చూడాలి. 100 దగ్గర లేస్తే కరెంటు వైపు అనుమానం, ఎందుకంటే మన కరెంటు 50 హెర్ట్జ్, దాని అయస్కాంతపు గుంజుడు అంతకు రెట్టింపు వేగంతో వస్తుంది. బేరింగు పాడైతే? గీతలు 20, 40, 60 లెక్కన వరుసలో పడవు. మధ్యలో ఎక్కడో, పొంతన లేని చోట లేస్తాయి. బేరింగులో ఎన్ని గోలీలు ఉన్నాయి, ఎంత సైజువి అన్నదాన్ని బట్టి ఆ చోటు ముందే లెక్క కట్టొచ్చు.

ఇదంతా క్లాసులో విన్నప్పుడు నాకు ఒకటే అనిపించింది. మా బాపు స్క్రూడ్రైవర్‌తో చేసింది ఇదే కదా!

నా మొదటి రీడింగ్, మొదటి పరువు నష్టం

ఉద్యోగం వచ్చాక జీతంలో మిగిల్చి పెన్ను లాంటి చిన్న వైబ్రేషన్ మీటర్ ఒకటి కొన్నాను. అది గీతలు చూపించదు, ఒక అంకె మాత్రమే చెప్తుంది. సెలవుకు ఇంటికి పోయినప్పుడు పెద్ద ఇంజినీరు లెక్క బ్లోవర్ దగ్గరికి పోయి పెట్టాను. 9.4!

నాకు గుండె జారింది. "బాపూ, ఆపేయ్! ఇప్పుడే ఆపేయ్!" అని ఒర్లిన. బాపు ఆపేశాడు. సేటు వచ్చాడు. హమాలీలు వచ్చారు. గంటసేపు బేరింగు పెట్టె విప్పి చూశారు. లోపల గోలీలు అద్దంలా మెరుస్తున్నాయి.

బాపు నేను మీటర్ పెట్టిన చోట చెయ్యి పెట్టాడు. "ఇది బెల్టు మీది రేకు బిడ్డా. రేకు కొట్టుకుంటాంది. షాఫ్ట్ కాదు."

ఆ రోజు సేటు ఏమీ అనలేదు. నవ్వాడు. తిట్టినా బాగుండేది.

కానీ నాకు అది పుస్తకంలో లేని పాఠం. రేకు మీద కాదు, బేరింగు పెట్టె మీదే కొలవాలి. ప్రతిసారీ అదే చోట కొలవాలి. అందుకే తెల్ల పెయింట్‌తో చుక్కలు పెట్టాం. ఒకటి పక్క నుంచి, ఒకటి పైనుంచి, ఒకటి షాఫ్ట్ పొడవు వెంట. మూడు దిక్కుల్లోనూ కొలవాలి, ఎందుకంటే ఒక్కో తప్పు ఒక్కో దిక్కులో ఎక్కువ కనపడుతుంది. ఇంకోటి, డ్రైయర్‌లో లోడు ఉన్నప్పుడే కొలవాలి. ఖాళీ మిషన్ అంకె, నిండు మిషన్ అంకె ఒకటి కావు.

మీటర్ బాపుకే ఇచ్చేశాను. ఒక నోట్‌బుక్ కూడా.

నోట్‌బుక్ తెరిచిన రోజు

ప్రతి సోమవారం బాపు మూడు చుక్కల దగ్గర కొలిచి రాసేవాడు. తేదీ, అంకె. అంతే. మొదటి నెలల్లో అన్నీ 2.1, 2.0, 2.2. ఫోన్‌లో అడిగితే "ఏం లేదు బిడ్డా, గదే" అనేవాడు. బోరు కొట్టే నోట్‌బుక్. తర్వాత తెలిసింది, ఆ బోరు కొట్టే పేజీలే అసలు ఆస్తి అని. 2.1 మామూలు అని తెలియకపోతే, 2.9 వింత అని ఎట్లా తెలుస్తుంది?

గత యాసంగిలో అంకె కదిలింది. 2.3. వారం తర్వాత 2.9. ఆ తర్వాత 3.8. బాపు రెక్కలు శుభ్రం చేయించాడు, బోల్టులు బిగించాడు, గ్రీజు పెట్టాడు. తగ్గలేదు. నేను మా సార్‌ను అడిగి, ఒక ఆదివారం కోసం ఆఫీసు ఎనలైజర్ తీసుకుని వచ్చాను. 20 దగ్గర గీత మామూలుగానే ఉంది. 97 దగ్గర ఒకటి, దానికి సరిగ్గా రెట్టింపు 194 దగ్గర ఇంకోటి లేచాయి. బేరింగు నంబరు చూసి లెక్క కట్టాను. బయటి రింగు.

ఆ రోజు మీటర్‌లో అంకె 5.2.

ఏప్రిల్ నెలాఖరు. ఆకాశంలో మబ్బులు. కొనుగోలు కేంద్రాల నుంచి లారీలు వరుస కట్టాయి. మిల్లు ఆగితే దించుకోవడం ఆగుతుంది, లారీలు ఆగితే అక్కడ కల్లాల్లో రైతుల వడ్లు వానకు తడుస్తాయి. సేటు మాటలో అన్యాయం లేదు. "ఇంకో నాలుగు దినాలు నడుపుదాం. ఈ లోడు ఒడువనీ."

ఏళ్ల కింద విన్న మాటే. నేను నోరు తెరిచేలోపు బాపు నోట్‌బుక్ తెరిచి సేటు ముందు పెట్టాడు. ఏమీ చెప్పలేదు. సేటు వేలితో ఒక్కో వరుస దిగుతూ వచ్చాడు. 2.1... 2.3... 2.9... 3.8... 5.2.

"నాలుగు దినాలల్ల ఎంతకు పోతది?"

"గది నాకు తెల్వదు సేటు. కిందికైతే రాదు."

సేటు కాసేపు ఆలోచించాడు. "రాత్రి ఈ బ్యాచ్ దిగినంక ఆపుండ్రి" అన్నాడు.

తేడా అంతా అక్కడే ఉంది. బేరింగు ముందే తెప్పించి పెట్టుకున్నాం. ట్యాంకుల్లో కొత్తగా వడ్లు నానబెట్టలేదు. డ్రైయర్ ఖాళీ అయ్యాకే, రాత్రి పదకొండింటికి ఆపాం. తెల్లారుజామున మూడింటికల్లా కొత్త బేరింగుతో మిల్లు మళ్లీ మొదలైంది. నాలుగు గంటలు. ఒక్క గింజ పాడు కాలేదు. పాత బేరింగు రింగు లోపల చూస్తే, పాత గోడ పెచ్చులూడినట్టు వేలి గోరంత మేర ఉక్కు లేచిపోయి ఉంది. కొత్త రీడింగ్ 1.9.

బాపు ఆ అంకె రాసి, కింద గీత గీసి, పడుకోవడానికి పోయాడు.

చంద్లాపూర్ పంపులకూ ఇదే నాడి

ఇది మిల్లుల ముచ్చటే అనుకోకండి. రంగనాయక సాగర్‌కు రీల్స్ తీసుకోవడానికి పోతుంటారు కదా. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర అందులోకి గోదావరి నీళ్లు ఎత్తిపోయడం మొదలుపెట్టారు. అక్కడి పంప్‌హౌజ్‌లో నాలుగు పంపులు, ఒక్కోటి 134 మెగావాట్ల పైనే. అంటే మా బ్లోవర్ లాంటివి దాదాపు 6 వేలు కలిపితే ఒక్క పంపు. మల్లన్న సాగర్ నింపే తుక్కాపూర్ పంప్‌హౌజ్‌లో 43 మెగావాట్లవి ఎనిమిది.

ఇంత పెద్ద మిషన్ల దగ్గరికి పెన్ను మీటర్ పట్టుకుని ఎవరూ పోరు. మామూలుగా ఈ సైజు మిషన్లలో బేరింగుల దగ్గరే సెన్సర్లు శాశ్వతంగా బిగించి ఉంటాయి. షాఫ్ట్ ఎన్ని మైక్రాన్లు కదులుతోందో అవి క్షణక్షణం చెప్తుంటాయి. ఒక హద్దు దాటితే అలారం, ఇంకో హద్దు దాటితే మిషన్ దానంతట అదే ఆగిపోవాలి. అప్పట్లో వార్తల్లో 'వెట్ రన్' అని వినే ఉంటారు. కొత్త పంపును మొదటిసారి నీళ్లతో నడిపి చూడటం. అట్లాంటి పరీక్షలో ఇంజినీర్లు ముఖ్యంగా చూసేవాటిలో వైబ్రేషన్ ఒకటి.

మరి సెన్సర్ ఉంటే చాలా? చాలదు. రష్యాలోని సయానో-షుషెన్‌స్కయా జలవిద్యుత్ కేంద్రం కథ మా ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు మర్చిపోరు. 2009 ఆగస్టు 17న, అక్కడి రెండో నంబరు టర్బైన్ మూత బోల్టులు తెగిపోయి, యంత్రం మొత్తం పైకి ఎగిరింది. నీళ్లు హాలులోకి దూకాయి. 75 మంది చనిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, ఆ టర్బైన్ బేరింగు దగ్గర అనుమతించిన వైబ్రేషన్ 160 మైక్రాన్లు. ప్రమాదానికి ముందు అది 600 దాటి 840కి చేరింది. తెగిన బోల్టులను పరీక్షిస్తే, 49లో 41కి అలసట పగుళ్లు ఉన్నాయి. రోజూ పడిన దెబ్బలకు ఇనుము లోలోపలే చీలిపోయింది.

అంకె ఉంది. ఆపలేదు. మా మిల్లులో ఒకప్పుడు అంకె లేదు, అందుకే ఆపలేదు. అక్కడ అంకె ఉండీ ఆపలేదు. మీటర్ కొనడం సులువు. అది చెప్పింది విని, పని మధ్యలో "ఆపుదాం" అనడమే కష్టం.

మీ ఫోన్‌తో చూస్తారా?

మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ఒక వైబ్రేషన్ సెన్సర్ ఉంది. స్క్రీన్ అడ్డంగా తిరిగేది దాని వల్లే. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిన 'ఫైఫాక్స్' అనే ఉచిత యాప్ వేసుకుంటే, ఆ సెన్సర్ లెక్కలు మీకే కనపడతాయి, స్పెక్ట్రమ్‌తో సహా. స్పిన్ అవుతున్న వాషింగ్ మెషీన్ మీద ఒక నిమిషం పెట్టి చూడండి. డ్రమ్ము తిరిగే వేగం దగ్గర గీత లేస్తుంది.

కానీ మూడు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, ఫోన్ సెకనుకు 200 సార్లు కొలిస్తే, 100 హెర్ట్జ్ లోపలి అదురును మాత్రమే నమ్మకంగా చూడగలదు. బేరింగు మొదటి దశ దెబ్బలు వేల హెర్ట్జ్‌లలో ఉంటాయి. కాబట్టి 'ఫోన్‌లో ఏం కనపడలేదు, మిషన్ మంచిగనే ఉంది' అనుకోవద్దు.

రెండు, ఫోన్‌ను మోటార్‌కు అతికించి వదిలేయకండి. బైకు ఇంజిన్ వైబ్రేషన్ ఎక్కువ కాలం తగిలితే ఐఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని 2021లో యాపిల్ కంపెనీయే హెచ్చరించింది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తిరిగే బెల్టు, పుల్లీ దగ్గరికి చున్నీ, వదులు చొక్కా, విరబోసిన జుట్టుతో పోవద్దు. సెల్ఫీ అసలే వద్దు.

బోరు మోటార్ సంగతేంటి అని మీలో చాలామంది అడుగుతారు. అది వందల అడుగుల లోతున ఉంటుంది, దాని మీద మీటర్ పెట్టలేం. కానీ స్టార్టర్ డబ్బాలో ఆంపియర్ మీటర్ ఉంటుంది కదా, దాని అంకె రాయండి. వారానికి ఒకసారి, అదే టైంకు, వోల్టేజీతో సహా. వోల్టేజీ అదే ఉండి, ఎప్పుడూ 9 లాగే మోటార్ 11 లాగుతోందంటే అది ఏదో చెప్తోంది. కాలిపోయాక బయటికి తీయడం కన్నా, కాలకముందే మెకానిక్‌ను పిలవడం నయం.

ఇప్పుడు ప్రతి సోమవారం సాయంత్రం సేటే అడుగుతాడట, "ఈ వారం ఎంతొచ్చింది?" అని. బాపు మాత్రం ఇప్పటికీ ముందు స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వింటాడు. 'రెండుకు జర ఎక్కువుంటది' అని తనకు తాను అనుకుని, ఆ తర్వాతే మీటర్ పెడతాడు. నిన్న ఫోన్ చేసి చెప్పాడు, 2.1 అట.